తనకొక్కదానికే వినిపించే పాట

తలుపు మూసుకోగానే వైజాగ్ మొత్తం ఆగిపోయింది.

అంతవరకూ మెట్ల మీదుగా మా వెంటే వచ్చిన ఆటోల హారన్లు, కింద కొబ్బరిబొండాలు కొడుతున్న కత్తి చప్పుడు, వరండాలో పేర్లు పిలుస్తున్న గొంతు, అన్నీ ఒక్క దెబ్బకి తెగిపోయాయి. మంచం వేస్తే నిండిపోయేంత గది. గోడలకి చిల్లుల పలకలు, కాళ్ళకింద మందపాటి తివాచీ. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. నన్ను మూలన స్టూలు మీద కూర్చోబెట్టి కదలొద్దు, దగ్గొద్దు అని రెండుసార్లు చెప్పారు. నా ముందు కుర్చీలో, నాకు వీపు పెట్టి, నేలకి అందని కాళ్ళు ఊపుకుంటూ మా మేనకోడలు కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు, చేతిలో నొక్కడానికి ఒక మీట.

జడల పక్కన చెవులు ఉండాల్సిన చోట రెండు మొగ్గలున్నాయి. నానిన వేరుసెనగ గింజంత కండ, దాని కింద కొంచెం తమ్మె. రంధ్రం లేదు. ఆ చోట చర్మం చెంప మీద ఉన్నట్టే నున్నగా ఉంది. చెవి దొప్ప ఇలా సగంలో ఆగిపోవడాన్ని డాక్టర్లు మైక్రోషియా అంటారు, రంధ్రం తెరుచుకోకపోవడాన్ని అట్రీషియా అంటారు. కొన్ని వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువమందికి ఒక పక్కనే. మా పిల్లకి రెండు పక్కలా వచ్చింది.

ఆమె ‘బిళ్ళ’ నా గుప్పిట్లో వెచ్చగా ఉంది. ఇంట్లో మేమంతా దాన్ని అలాగే అంటాం. తలచుట్టూ సాగే పట్టీకి తగిలించిన చిన్న యంత్రం అది. చుట్టుపక్కల మాటని మైకుతో పట్టి, అదురుగా మార్చి, చెవి వెనక ఎముకకి అందిస్తుంది. మూడో ఏటి నుంచి మా పిల్ల దానితోనే వింటోంది. పరీక్ష కోసం ఇప్పుడు తీసేశారు. ఈ గదిలో నాకున్న నిశ్శబ్దం వేరు, ఆమెకున్నది వేరు.

అద్దం అవతల ఆడియాలజిస్ట్ మేడమ్ తలవంచి ఏదో తిప్పుతున్నారు. పిల్ల తలకి పెద్ద ఇయర్‌ఫోన్లు పెట్టారు, మామూలువే. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, పక్క వీధిలో ఎవరో ఈల వేసినట్టు, కూ... కూ... నాకు వినిపిస్తోంది. ఇయర్‌ఫోన్ల అంచుల్లోంచి కారి, నా మూల దాకా వస్తోంది. కుర్చీ కింద కాళ్ళు మాత్రం అలాగే ఊగుతున్నాయి. చప్పుడు ఇంకో మెట్టు పెరిగింది. కాళ్ళు ఊగుతూనే ఉన్నాయి. ఇంకో మెట్టు. నొక్కు తల్లీ, మోగుతోంది అని అరవాలనిపిస్తోంది. అరిచినా ఆమెకి అందదు. పళ్ళు బిగించి కూర్చున్నాను. నాకు బాగా స్పష్టంగా వినిపిస్తున్న ఆ ఈల ఇంకా ఇంకా పెరిగాక, అప్పుడు కదిలింది బొటనవేలు.

మేడమ్ లోపలికొచ్చి ఇయర్‌ఫోన్లు తీసేశారు. స్టీలు కమ్మీకి బిగించిన నల్లటి చిన్న డబ్బా తెచ్చారు, అగ్గిపెట్టెలో సగమంత. జుట్టు పక్కకి తప్పించి, చెవి మొగ్గ వెనకున్న గట్టి ఎముక మీద ఆనించారు. మళ్ళీ తలుపు మూశారు. ఊపిరి బిగబట్టి వింటున్నాను. ఏమీ లేదు. బొటనవేలు నొక్కింది. ఇంకా శ్రద్ధగా విన్నాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కింది. కాళ్ళు ఊగడం ఆగింది. మెడ కొంచెం పైకి లేచింది. ఎవరో చెవిలో రహస్యం చెబుతుంటే ఒళ్ళంతా దాని మీదే పెట్టినట్టు కూర్చుంది. నొక్కుతోంది, ఆగుతోంది, నొక్కుతోంది. ఆ గదిలో ఇప్పుడు వినలేనిది నేను.

బల్ల మీద కాయితం పరిచారు. రెండు గీతలు. గాలి దారిన వచ్చే శబ్దానికి గీసినది కిందెక్కడో, 60 డెసిబెళ్ళ దగ్గర పాకుతోంది. ఎముక దారి గీత పైన, 10 దగ్గర. మధ్యలో పెద్ద ఖాళీ.

“ఈ ఖాళీయే అమ్మా మన పాప కథంతా,” అన్నారు మేడమ్ మా అక్కతో, అంటే పిల్ల తల్లితో. “లోపలి చెవి చక్కగా ఉంది. అక్కడిదాకా తీసుకెళ్ళే దారే లేదు.”

అక్కకి ఇది ఆరేళ్ళుగా తెలుసు. అయినా ప్రతిసారీ ఆ మాట కోసమే వస్తుందని నాకు అనుమానం.

మామూలుగా శబ్దం చెవి రంధ్రంలోంచి వెళ్ళి కర్ణభేరిని తడుతుంది. దాని వెనక కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని మూడు బుల్లి ఎముకలు ఆ అదురుని చేతులు మార్చుకుంటూ నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తానికి అందిస్తాయి. మా పిల్లకి రంధ్రమూ లేదు, కర్ణభేరీ లేదు. బుల్లి ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కర్ణావర్తం మాత్రం చెక్కుచెదరలేదు. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు బయటి చెవికీ లోపలి చెవికీ పుట్టుక వేరు వేరు చోట్ల. ఆరో వారం ప్రాంతంలో మెడ దగ్గర మొలిచే ఆరు చిన్న గుబ్బలు కలిసి చెవి దొప్ప అవుతాయి. లోపలి చెవి వేరే పొర నుంచి తనంతట తాను తయారవుతుంది. అందుకే బయటిది ఆగిపోయినా లోపలిది ఆగలేదు.

ఆరో వారం అంటే కొందరు తల్లులకి కడుపుతో ఉన్న సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంది. “గ్రహణం పూట ఏం కోశావే?” అని మా అక్కని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టలేను. పచ్చి బాలింత మంచం పక్కనే నిలబడి అడిగారు. ఏ గ్రహణమూ కాదు, ఏ కత్తిపీటా కాదు. ఏ తల్లీ చేసుకున్నది కాదు. ఈ ముక్క మా అక్కకి మొదటిరోజే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఆమె అన్ని రాత్రులు ఏడ్చేది కాదు.

చెవులు కుట్టించే రోజు కూడా నాకు గుర్తే. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి కదా, నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. కంసాలి తమ్మె పట్టుకుందామని చెయ్యి చాచి, పిల్ల మొహం వైపు చూసి, బంగారు తీగ మళ్ళీ పొట్లంలో పెట్టేశాడు. చుట్టాలంతా పాయసం గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు. నా ఒళ్ళో పిల్ల మాత్రం నా చొక్కా గుండీ కొరుకుతూ ఉంది.

పరీక్ష అయ్యాక, ఇంకో పిలుపుకోసం వరండాలో కూర్చున్నాం. బెంచీ మీద మా పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తల్లీ కొడుకూ. ఏడేళ్ళ కుర్రాడికి కుడి చెవి లేదు, ఎడమది బాగుంది. మా పిల్ల తలకున్న పట్టీని ఆ తల్లి చాలాసేపు చూసి, చివరికి అక్కని అడిగింది. “ఒక చెవి ఉంది గదా, ఫర్లేదన్నారమ్మా అందరూ. బళ్ళో టీచర్ కుడిపక్క నుంచి పిలిస్తే వీడు ఎడమపక్కకి తిరుగుతాడు. పొగరనుకుని కొట్టారు.”

ఒక చెవితో మాట వినొచ్చు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. నలభైమంది పిల్లలు ఒకేసారి గోలచేసే గదిలో టీచర్ గొంతుని ఏరుకోవాలన్నా రెండు కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ళకి తక్కువ కాని లోపం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. ఈ కుర్రాడు ఆ లెక్కలోకి రాడు. చట్టానికి ఒక కొలత ఉండాల్సిందే. కానీ బెంచీ మీద నా పక్కన కూర్చుని చెప్పులతో ఆడుకుంటున్నవాడు తిన్న దెబ్బ ఏ కొలతలోకీ రాలేదు. అక్క వాళ్ళకి మేడమ్ గది చూపించింది. ముందు మీరు వెళ్ళండని మా వంతు ఇచ్చింది.

మేం ఇవాళ వచ్చింది పరీక్ష కోసమే కాదు. నా సంచీలో ఒక కొత్త పెట్టె ఉంది.

రెండు నెలల కింద ఒక సాయంత్రం పిల్లవాడు, అంటే దీని అన్న, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో ఏదో చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు. ఇది వాడి ఎదురుగా నిలబడి, వాడి మొహం కేసీ గోడ కేసీ చూసి, నా దగ్గరికొచ్చి అడిగింది.

“మావయ్యా, అన్నయ్య ఎవరితో నవ్వుతున్నాడు?”

జవాబు చెప్పాను. అది కాసేపు ఆలోచించి, “అది నాకెందుకు రాదు?” అంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బిళ్ళ వచ్చాక దానికి మాటలొచ్చాయి, బడి వచ్చింది, ఎక్కాలొచ్చాయి. మేమంతా అక్కడితో తృప్తిపడ్డాం. కానీ ఆ పిల్ల ఇంతవరకూ విన్న ప్రతి చప్పుడూ ఇల్లంతా విన్నదే. కథ వినాలంటే అక్క ఫోన్‌ని స్పీకర్లో పెట్టి బిళ్ళ పక్కన పట్టుకోవాలి. ఫ్యాను చప్పుడు, కుక్కర్ విజిల్, వీధిలో మైకు, అన్నీ కలిసే ఆ మైకులోకి వెళ్తాయి. వాళ్ళ నాన్న వార్తలు చూసుకుంటుంటే కథ ఆపెయ్యాలి. తనొక్కతే విని తనలో తను నవ్వుకునే సుఖం ఒకటుందని దానికి తెలియనే తెలియదు. కొత్త బిళ్ళల్లో ఫోన్ పాట నేరుగా వెళ్ళే ఏర్పాటు ఉంటోంది, కానీ వాటి ధర లక్షల్లో ఉంది. మా దగ్గరున్నది పాతది.

అందుకని బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు తెచ్చాను. పరుగెత్తేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు వాడతారు. కొన్ని వేలల్లో దొరుకుతాయి. చెవిలో దూరవు. చెవి ముందు చెంప ఎముక మీద ఆని, పాటని అదురుగా పంపిస్తాయి. చెవి రంధ్రం ఖాళీగా ఉంటుంది కాబట్టి వెనకనుంచి వచ్చే లారీ హారన్ వినిపిస్తుందని వాటి గొప్ప.

పెట్టె మేడమ్ బల్ల మీద తెరిచాను. పిల్ల ఊపిరి పీల్చడం మానేసి చూస్తోంది. మెడ వెనకనుంచి తిరిగే సన్నటి లోహపు కమ్మీ, రెండు కొసల్లో రెండు చిన్న దిమ్మలు, వాటికి ముందు రెండు కొక్కేలు.

కొక్కేలు. చెవి దొప్ప మీద వేళ్ళాడటానికి.

పెట్టె కొన్నప్పుడు నా కంటికి అవి ఆనలేదు. మేడమ్ కమ్మీని పిల్ల తలకి పెట్టారు. కొక్కెం చెవి మొగ్గ మీద నుంచి జారి మెడమీద పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ జారింది. పెద్దవాళ్ళ కొలతకి చేసింది కావడంతో వెనక బెత్తెడు వదులు. పిల్ల రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, నేను పట్టుకుంటాను ఫర్లేదు అన్నట్టు మా వైపు చూసింది.

ఎవరికి ఇది అందరికన్నా ఎక్కువ పనికొస్తుందో వాళ్ళకే తగులుకోకుండా తయారైంది. కళ్ళజోడూ అంతే. కోవిడ్ రోజుల్లో మాస్కూ అంతే. అక్క అప్పుడు మాస్కు దారాలకి గుండీలు కుట్టి తల వెనక కట్టేది. మనిషికి చెవులున్నది వినడానికి మాత్రమే కాదనీ వస్తువులు తగిలించడానికి కూడాననీ చెవుల్లేని పిల్లని పెంచినవాళ్ళకే తెలుస్తుంది.

“గుడ్డ పట్టీ కుట్టించండి,” అన్నారు మేడమ్. “బిళ్ళ పట్టీలాగే. లోపల రెండు జేబులు. కొక్కేలతో పనిలేదు. ఎముకకి ఆని ఉంటే చాలు.” చేత్తో పిల్ల చెంప ఎముక మీద, చెవి మొగ్గకి కాస్త ముందు, వేలితో తట్టి చూపించారు. వెనక పెట్టినా బాగానే వినిపిస్తుంది కానీ వద్దన్నారు. ఇంకో ఏడాదికో రెండేళ్ళకో పక్కటెముక మృదులాస్థితో చెవి దొప్ప చేయిద్దామని అక్కా బావా అనుకుంటున్నారు. ఆ చోట చర్మం ఒరుసుకోకుండా ఉండాలి. పట్టీ గట్టిగా ఉంటే ఎర్రగా అచ్చుపడుతుంది, వదులైతే పాటలో సన్నటి స్వరాలు పోతాయి. మధ్యలో జుట్టు ఇరుక్కోకూడదు.

“ఎడమ కుడి తేడా ఉంటుందా మేడమ్?” అని అడిగాను.

“పెద్దగా ఉండదు సార్. పుర్రె ఒకటే కదా. ఏ పక్క తట్టినా రెండు కర్ణావర్తాలకీ వెళ్తుంది. ఇందాక పరీక్షలో ఆ చప్పుడు ఏ పక్కది విన్నదో నేనూ తేల్చి చెప్పలేను.”

తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని మాతో చాలాసేపు మాట్లాడారు. ఇది బిళ్ళకి బదులు కాదు, బడికి బిళ్ళే. ఎముక దారి కాబట్టి ఎంత పెంచినా హాని లేదని దుకాణాల్లో చెబితే నమ్మొద్దు, దెబ్బ తగిలేది అదే కర్ణావర్తానికి. పిల్లలకి వారంలో 40 గంటలు, 75 డెసిబెళ్ళు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ ఫోన్ చూపించే డెసిబెళ్ళు గాలిలో మోగే ఇయర్‌ఫోన్ల లెక్క, ఈ పిల్లకి అది సరిపోదు. పక్కవాళ్ళ మాట వినపడనంత పెంచకూడదనే మామూలు సూత్రం కూడా ఇక్కడ చెల్లదు, ఎందుకంటే బిళ్ళ తీస్తే ఆమెకి పక్కవాళ్ళ మాట ఎలాగూ వినపడదు. “సున్నా నుంచి మొదలుపెట్టండి. ఒక్కో మెట్టు పెంచండి. మాట అర్థమైందని పాప అనగానే ఆపండి. ఆ మెట్టు మీద ఫోన్‌కి తాళం వేసెయ్యండి.”

ఇంకొకటి కూడా చెప్పారు. బిళ్ళ తీసేసి దీంతో వీధిలోకి పంపొద్దు. పరుగెత్తేవాళ్ళకి తెరిచున్న చెవి కాపలా కాస్తుంది. ఈ పిల్లకి తెరిచున్న చెవి లేదు.

సాయంత్రం అనకాపల్లి వైపు వెళ్ళే పాసింజర్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది. దువ్వాడ దాటాక అక్క జంతికల డబ్బా తీసింది. మీరూ ఒకసారి చేసి చూడండి. జంతిక నోట్లో వేసుకుని, రెండు చెవులూ వేళ్ళతో గట్టిగా మూసుకుని కొరకండి. చప్పుడు తగ్గదు, పెరుగుతుంది. తలకాయలో కట్టెలు విరుగుతున్నట్టుంటుంది. అదే ఎముక దారి. అందరికీ ఉంది. మన గొంతు మనకి సగం ఆ దారినే వస్తుంది. అందుకే రికార్డులో మన గొంతు మనదిలా ఉండదు. పళ్ళ మధ్య కడ్డీ పట్టుకుంటే దాని ద్వారా శబ్దం వినొచ్చని 16వ శతాబ్దంలోనే ఇటలీ వైద్యుడు జిరోలమో కార్డానో రాశాడు. టైటానియం మనిషి ఎముకతో కలిసిపోతుందని స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కనిపెట్టాక, దాన్ని చెవి వెనక ఎముకలో మరమేకులా దించి, దానికి వినికిడి యంత్రం తగిలించే పని 1977లో గోథెన్‌బర్గ్‌లో ఆండర్స్ షెల్‌స్ట్రోమ్ మొదలుపెట్టాడు. అయిదేళ్ళు నిండని పిల్లలకి పుర్రె పలచగా ఉంటుందని అమెరికాలో ఆ శస్త్రచికిత్సకి అనుమతించరు. అలాంటి పసివాళ్ళకి ఈ సాగే పట్టీలు.

పిల్ల జంతిక తినడం లేదు. బిళ్ళ తీసి అక్క ఒళ్ళో పెట్టి, కిటికీ ఇనప కమ్మీకి చెంప ఎముక ఆనించి, కళ్ళు మూసుకుంది. పట్టాల చప్పుడు నేరుగా తాగుతోంది. ఎవరూ నేర్పలేదు దానికి.

“పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎంత ఊపినా ఏడుపు ఆపేది కాదు, గుర్తుందా?” అంది అక్క నాతో. “అమ్మ ఎత్తుకుంటేనే ఆపేది. అమ్మ దాని మాడు మీద గడ్డం ఆనించి పాడేదిరా. అమ్మ చేతి మహిమ అనుకున్నాం.”

బిళ్ళ రాకముందు మూడేళ్ళు. ఆ ఇంట్లో అంతమందిమి గాలిలోకి మాట్లాడాం. అమ్మ ఒక్కతే, తెలియకుండానే, దానికి వినిపించేలా పాడింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. అమ్మ ట్రంకు పెట్టెలోంచి పాత నేత చీర కొంగు తీసింది, ఉతికి ఉతికి మెత్తబడినది. పిల్ల తలచుట్టూ దారంతో కొలిచి, కత్తిరించి, కుట్టు మిషన్ ముందు కూర్చుంది. చూపు ఆనక సూదిలో దారం నేనెక్కించాను. రెండు జేబులు, వెనక ఎలాస్టిక్. పిల్ల పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, “పూసలు కూడా కుట్టు అమ్మమ్మా,” అని బిగ్గరగా చెవిలో చెప్పింది. అమ్మకి ఈమధ్య బాగా పెద్దగా చెబితేగాని వినపడటం లేదు. చెవితమ్మెలకి పెట్టుకోవాల్సిన పూసలన్నమాట. అమ్మ రెండు పక్కలా మూడేసి కుట్టింది.

హెడ్‌ఫోన్ కమ్మీని పట్టీలో దూర్చి, జేబుల్లో దిమ్మలు సర్ది, పిల్ల తలకి కట్టాం. జుట్టు తప్పించాం. అది తల ఊపి నవ్వింది. “పూసలు గలగలమంటున్నాయి లోపల!” మాకు వినిపించనంత చిన్న చప్పుడు, ఎముక మీద కదిలి దానికి గుడిగంటలైంది. తీసేద్దామా అని సైగ చేస్తే ఒప్పుకోలేదు.

ఏ పాట పెట్టాలో తనే చెప్పింది. అమ్మ వంటింట్లో కూనిరాగం తీసే సుశీల పాట. విజయనగరం పిల్ల పాడిందని అమ్మకి గర్వం. మాటలు సగం మరిచిపోయి రాగమే మిగిలింది. ఆ పాటని సుశీల గొంతులో ఈ పిల్ల ఎప్పుడూ వినలేదు.

సున్నా నుంచి మొదలుపెట్టాను. ఒక మెట్టు. ఏమీ లేదంది చేత్తో. రెండు. మూడు. నాలుగో మెట్టు దగ్గర దాని చెయ్యి గాల్లో ఆగింది.

గదిలో ఏ చప్పుడూ లేదు. ఫ్యాను తిరుగుతోంది, అంతే. బావ చప్పుడు లేకుండా వార్తలు చూస్తున్నాడు. అన్న హోంవర్క్ చేసుకుంటున్నాడు. మా అందరి మధ్య కూర్చుని ఆ పిల్ల ఎక్కడికో వెళ్ళిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. తబలా మొదలైన చోట అనుకుంటా, చెంపని వేలితో రుద్దుకుని, “చక్కిలిగిలి పెడుతోంది,” అంది ఎవరినీ చూడకుండా. మళ్ళీ కాసేపటికి, “ఆవిడ పాడేముందు గాలి పీల్చుకుంటోంది మావయ్యా.”

బిళ్ళ మైకులోంచి, ఫ్యాను గాలిలోంచి ఆ ఊపిరి ఇంతవరకూ దాని దాకా వచ్చి ఉండదు. అక్క అడిగింది, “ఎలా ఉందే? నాకూ చెప్పవే.” పిల్ల వినలేదు. బిళ్ళ తీసి ఉందిగా. అక్క దాని భుజం తట్టబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పాట అయిపోయేదాకా ఎవరం దాన్ని కదపలేదు. మధ్యలో ఒకచోట అది తనలో తను నవ్వుకుంది. ఎందుకు నవ్విందో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

పాట ఆగాక పట్టీ తీసి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళి, అమ్మ తలకి తగిలించింది. “నీకూ వినపడుతుంది చూడమ్మమ్మా!” నేను పాట మళ్ళీ పెట్టాను. అమ్మ కళ్ళు చిట్లించి, తల ఇటూ అటూ తిప్పింది.

“ఏటో గుడగుడమంటోందే. మాట తెలీడం లేదు.”

ఇంకో మెట్టు పెంచాను. అంతే. డెబ్బై దాటిన అమ్మ సంగతి వేరు. ఆమెకి దారి బాగానే ఉంది, లోపల కర్ణావర్తంలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు అరిగిపోయాయి. సన్నటి శబ్దాలు పట్టేవే ముందు పోతాయి, మాటని విడదీసేవి అవే. గాలి దారిన వెళ్ళినా, ఎముక దారిన వెళ్ళినా చేరేది అదే ఇంటికి. ఆ ఇంట్లో దీపం తగ్గితే ఈ హెడ్‌ఫోన్ ఏమీ చెయ్యలేదు. అమ్మని కూడా మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాలి, చాన్నాళ్ళుగా వాయిదా వేస్తున్నాను.

ఇదంతా పిల్లకి ఎలా చెప్పాలా అని నేను చూస్తున్నాను. అది అమ్మ మొహం చూసి విషయం పోల్చుకుంది. పట్టీ తీసేసింది. అమ్మ ఒళ్ళోకి ఎక్కి, రెండు చేతులతో ఆమె తల పట్టుకుని, తన నుదురు ఆమె నుదుటికి గట్టిగా ఆనించింది. నోరు మూసుకుని రాగం తీయడం మొదలుపెట్టింది.

అమ్మ రెప్పలు వాలాయి. కుట్టు మిషన్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. పిల్ల పల్లవి అయ్యాక చరణం ఎత్తుకుంది.

“ఆగవే, ఆగు,” అంది అమ్మ, నుదురు తీయకుండానే. “చరణం అంత పైకి ఎత్తకూడదు. మళ్ళీ పల్లవి నుంచి రా.”